జాబితా చివరి పేజీలో పేరు: ఇజ్రాయెల్‌లో ఉన్న ఒక ప్రవాస ఓటరు కేసు

నేపథ్యం

ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో చాలా ఎన్నికల్లో ప్రిసైడింగ్ అధికారిగా పనిచేశాను. పదవీ విరమణ తర్వాత ఉత్తర తెలంగాణలో వలస కుటుంబాలకు సాయపడే ఒక చిన్న కేంద్రంలో కూర్చుంటున్నాను. మా బల్ల మీదికి వచ్చేవి ఎక్కువగా ఆగిపోయిన జీతాలు, ఏజెంటు మోసాలు, తప్పిపోయిన పాస్‌పోర్టులు, దుబాయ్ నుంచో రియాద్ నుంచో రావలసిన శవపేటికలు. ఓటు కోసం మా తలుపు తట్టినవాళ్లు అంతకు ముందు ఎవరూ లేరు. ఈ కేసు ఆ లోటు తీర్చింది. ఇందులో నేను ఒక తప్పు సలహా కూడా ఇచ్చాను. దాన్ని దాచకుండా రాస్తున్నాను. కుటుంబాన్ని గుర్తు పట్టగల వివరాలు మాత్రం తీసేశాను, కొన్ని మార్చాను.

అతనికి నలభై దాటాయి. పాత కరీంనగర్ జిల్లాలోని ఒక పల్లె. తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు, పక్కింట్లో తమ్ముడు. 2014లో వృద్ధుల సంరక్షణ పని మీద ఇజ్రాయెల్ వెళ్లాడు. మన వైపు నుంచి ఈ పనికి వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు. అక్కడ విదేశీ సంరక్షకులకు ఉండే గడువు మామూలుగా 63 నెలలు. గడువు దాటాక కూడా అదే వృద్ధుడి దగ్గర పని కొనసాగుతుంటే వీసా పొడిగిస్తారు. ఇతను అలా పొడిగింపు మీద ఉన్నవాడే. ఆ పెద్దాయన ఉన్నంత వరకే ఇతని ఉద్యోగం. ఈ ఒక్క సంగతి కేసు చివరిదాకా మమ్మల్ని వెంటాడింది.

వచ్చిన సమస్య

2023 మే నెలలో అతని నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. అతను ఉండేది మధ్య ఇజ్రాయెల్‌లోని ఒక మోషావ్‌లో, అంటే రైతులు కలిసి ఉండే గ్రామంలో. ఆ ఊరి పొలాల్లో పనిచేసేవాళ్లంతా థాయిలాండ్ వాళ్లు. వారిలో ఒకతనితో ఇతనికి స్నేహం. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న భాష విరిగిన హీబ్రూ. ఆ థాయ్ కార్మికుడు తమ దేశ పార్లమెంటు ఎన్నికల్లో అక్కడి నుంచే ఓటు వేశాడట. “సార్, అతను నాలాగే కూలి పని మీద వచ్చినవాడు. అతని ఓటు బ్యాంకాక్ వెళ్లింది. నా ఓటు ఎందుకు వెళ్లదు?” అని అడిగాడు.

ప్రశ్న న్యాయమైనది. జవాబు చెప్పే ముందు థాయ్ పద్ధతి ఏమిటో చదివాను.

2023 మే 14న థాయిలాండ్‌లో ఎన్నికలు జరిగాయి. విదేశాల్లో ఉన్నవాళ్లు ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. పౌరసత్వ గుర్తింపు కార్డు మీది 13 అంకెల సంఖ్య ఇవ్వాలి. తర్వాత ఆ దేశంలోని థాయ్ రాయబార కార్యాలయం మూడు దారుల్లో ఏదో ఒకటి, లేదా ఒకటికి మించి, ఏర్పాటు చేస్తుంది. కార్యాలయంలోనే పోలింగ్ కేంద్రం పెడుతుంది, లేదా తపాలాలో బ్యాలెట్ పంపుతుంది, లేదా కార్మికులు ఎక్కువగా ఉండే చోటికి పెట్టె తీసుకుపోతుంది. ఆ ఎన్నికల్లో ఒక్కొక్కరికి రెండు బ్యాలెట్లు: నియోజకవర్గ అభ్యర్థికి ఒకటి, పార్టీకి ఒకటి. నింపిన బ్యాలెట్ల కవర్లు బ్యాంకాక్ చేరతాయి. అక్కడ 400 నియోజకవర్గాలుగా వేరు చేసి ఎవరి ఊరికి వాళ్లవి పంపుతారు. పోలింగ్ ముగిశాక మిగతా ఓట్లతో పాటే లెక్కిస్తారు. ఆ ఏడాది విదేశాల నుంచి లక్ష మందికి పైగా నమోదు చేసుకున్నారు.

పద్ధతి లోపం లేనిదేమీ కాదు. 2019 మార్చి ఎన్నికల్లో న్యూజిలాండ్ నుంచి బయలుదేరిన 1,542 బ్యాలెట్లు లెక్కింపు వేళకు నియోజకవర్గాలకు చేరలేదు. వాటిని లెక్కలోకి తీసుకోకూడదని అక్కడి ఎన్నికల సంఘం నిర్ణయించింది. విదేశంలో ఓటుకు నమోదు చేసుకున్నవాడు పోలింగ్ రోజున సొంత ఊళ్లో వేయడం మామూలుగా కుదరదు. కారణం తెలపకుండా ఓటు మానేస్తే పోటీ చేసే హక్కు వంటివి కొన్ని రెండేళ్లు పోతాయి. అక్కడ ఓటు హక్కే కాదు, విధి కూడా.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది తపాలా ఏర్పాటు కాదు, ఇంటి రిజిస్టరు. థాయిలాండ్‌లో ప్రతి ఇంటికీ ప్రభుత్వం దగ్గర ఒక నమోదు పుస్తకం ఉంటుంది. ఓటు హక్కు దానికి కట్టి ఉంటుంది. ఈశాన్య థాయిలాండ్ పల్లె నుంచి ఇజ్రాయెల్ పొలానికి వెళ్లినవాడి పేరు ఆ పుస్తకంలో అలాగే ఉంటుంది. మనిషి ఎక్కడున్నాడని ఎవరూ వచ్చి చూడరు. మన దగ్గర 1950 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టం ఓటరుగా ఉండటానికి ఆ నియోజకవర్గంలో ‘సాధారణ నివాసి’ అయి ఉండాలంటుంది. ఇంటింటికీ వచ్చే బూత్ స్థాయి అధికారి మనిషి ఉన్నాడా లేడా అని చూస్తాడు. మనిషి లేకపోతే పేరు నిలవడం కష్టం.

అందుకే అతని ప్రశ్నను రెండుగా విడదీశాను. పేరు జాబితాలో ఉందా? ఉంటే, ఓటు ఎలా వేయాలి? అతను అడిగింది రెండోది. మా పని మొదటిదానితో మొదలైంది.

మొదటి ప్రయత్నం, ఆగిన చోటు

మే నెలలో వెతికితే అతని పేరు ఊరి జాబితాలో ఉంది, మామూలు ఓటరుగా. తొమ్మిదేళ్లుగా దేశంలో లేని మనిషి సాధారణ నివాసిగా జాబితాలో ఉన్నాడన్న మాట. అలాగే వదిలేస్తే ఎవరూ పట్టించుకోకపోవచ్చు. మన పల్లెల్లో వందల పేర్లు అలాగే ఉన్నాయి. కానీ అడిగినవాడికి ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా బాధ్యత అనుకున్నాను.

విదేశాల్లో ఉంటూ భారత పౌరసత్వం వదులుకోనివారి కోసం 2010లో చట్టాన్ని సవరించి 20ఏ సెక్షన్ చేర్చారు. 2011 ఫిబ్రవరి నుంచి అది అమల్లో ఉంది. ఫారం 6ఏ నింపితే పాస్‌పోర్టులో ఉన్న భారతదేశ చిరునామా ఏ నియోజకవర్గంలోకి వస్తే అక్కడ ‘ప్రవాస ఓటరు’గా పేరు చేరుస్తారు. ఓటు మాత్రం సొంత బూత్‌కు వచ్చి, అసలు పాస్‌పోర్టు చూపించి వేయాలి. తపాలా లేదు, ప్రతినిధి లేడు, రాయబార కార్యాలయంలో పెట్టె లేదు.

ఇది చెప్పినప్పుడు అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇంట్లోవాళ్ల భయాలు ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి. ‘ప్రవాస’ అని రాయించుకుంటే రేషన్ కార్డు పోతుందా? రైతుబంధు ఆగిపోతుందా? రేపు తిరిగి వస్తే ఇక్కడివాడు కాదంటారా? పాత ఓటరు కార్డు తిరిగి ఇచ్చేయాలంటున్నారు, అది లేకపోతే బ్యాంకులో ఇబ్బంది కదా? ఈ భయాలను తేలిగ్గా తీసుకోవడం నేను చేసిన మొదటి పొరపాటు. “అలాంటిదేమీ ఉండదు” అని ఒక్క మాటలో తేల్చేశాను. ఒక్క మాటతో పోయే భయాలు కావవి. ‘తర్వాత చూద్దాం’ అన్నారు. నేనూ ఒత్తిడి చేయలేదు.

తప్పు సలహా

2023 అక్టోబరు 4న తుది జాబితా వచ్చింది. అందులో అతని పేరు లేదు. వేసవి సర్వేలో ‘ఇక్కడ లేరు’ అని రాసి తొలగించారని తెలిసింది. నోటీసు ఇంటికి వచ్చిందో లేదో తేల్చలేకపోయాం. మూడు రోజుల తర్వాత, అక్టోబరు 7న, ఇజ్రాయెల్‌లో యుద్ధం మొదలైంది. ఆ వారం ఆ ఇంట్లో ఓటు మాట ఎవరికీ గుర్తులేదు. దాడిలో థాయ్ వ్యవసాయ కార్మికులు పలువురు చనిపోయారు, కొందరిని బందీలుగా పట్టుకుపోయారు. ఆ తర్వాత వేల మంది థాయిలాండ్ తిరిగి వెళ్లారు. ఇతని స్నేహితుడూ వెళ్లాడు. ఇతను మాత్రం మంచం దిగలేని పెద్దాయనను వదిలి రాలేకపోయాడు. సైరన్ మోగినప్పుడల్లా ఆయనను చక్రాల కుర్చీలో సురక్షిత గదిలోకి తోసుకుపోయేవాడు.

నెల మధ్యలో తమ్ముడు వచ్చాడు. “అన్న పేరు మళ్లీ ఎక్కించండి సార్. ఈ పరిస్థితిలో జాబితాలో అన్న పేరు కూడా లేదంటే అమ్మ తట్టుకోలేకపోతోంది” అన్నాడు. అప్పటికే అసెంబ్లీ ఎన్నికల షెడ్యూలు వచ్చింది. నవంబరు 30న పోలింగ్, దరఖాస్తులకు అక్టోబరు 31 ఆఖరు. ఫారం 6ఏకు వీసా పేజీ నకళ్లు కావాలి. ఆ గందరగోళంలో అవి తెప్పించడం కష్టమనిపించింది. నా మనసులో ఒక వాదన కట్టుకున్నాను: చట్టంలో ‘తాత్కాలికంగా నివాసానికి దూరంగా ఉన్నంత మాత్రాన సాధారణ నివాసి కాకుండా పోడు’ అనే నిబంధన ఉంది. ఇతను తాత్కాలిక వీసా మీదే ఉన్నాడు, ఇల్లు ఇక్కడే, పెళ్లాం పిల్లలు ఇక్కడే. కనుక మామూలు ఫారం 6 వేయవచ్చు. అలా నాకు నేను చెప్పుకుని, ఫోనులో అతనితో ఫారం 6 నింపించాను.

బూత్ స్థాయి అధికారి విచారణకు వచ్చారు. తల్లి ఉన్నది ఉన్నట్టు చెప్పింది: “నా కొడుకు తొమ్మిదేళ్లుగా ఇజ్రాయెల్‌లో ఉన్నాడు.” దరఖాస్తు తిరస్కరించారు. అధికారి చేసింది సరైన పనే.

ఆ రాత్రి ఫారం 6లోని ప్రకటన మళ్లీ చదివాను. ‘ఈ చిరునామాలో నేను సాధారణంగా నివసిస్తున్నాను’ అని అందులో ఉంటుంది. అబద్ధపు ప్రకటనకు 1950 చట్టంలోని 31వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ‘తాత్కాలికం’ అన్న మాటను తొమ్మిదేళ్లకు సాగదీసింది నేను. సంతకం పెట్టింది అతను. కేసు పెట్టి ఉంటే నష్టపోయేది నేను కాదు. ఆ తల్లి నిజం చెప్పబట్టి విషయం తిరస్కరణతో ఆగింది. మరునాడు ఫోను చేసి తప్పు నాదేనని అతనికి చెప్పాను. నవంబరు 30న ఆ ఊళ్లో పోలింగ్ జరిగింది. అతని పేరు జాబితాలో లేదు.

పనిచేసిన దారి

డిసెంబరులో మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి కాగితాల కంటే ముందు భయాలతో మొదలుపెట్టాను. వాళ్ల ఇంటికి వెళ్లి కూర్చున్నాను. రైతుబంధు పట్టాదారు పాస్‌పుస్తకాన్ని బట్టి వస్తుంది, ఓటరు జాబితాను బట్టి కాదని పాస్‌పుస్తకం తెరిచి చూపించాను. ఫారం 6ఏ పౌరసరఫరాల శాఖకు వెళ్లే కాగితం కాదని చెప్పాను. ఓటరు కార్డు అప్పగించాక బ్యాంకులో ఆధార్, పాస్‌పోర్టు చెల్లుతాయని, అతని ఖాతాకు ఇప్పటికే ఆధార్ జతచేసి ఉందని తమ్ముడే చూశాడు. తిరిగి వచ్చి స్థిరపడిన రోజున మామూలు ఓటరుగా మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చన్నది భార్యకు అన్నిటికంటే పెద్ద ఊరట. ‘ప్రవాస’ అన్న మాటలో ఆమెకు వినిపించింది భర్త ఇక రాడన్న అర్థం. అది నాకు ఆ రోజే తెలిసింది.

కావలసినవి: రంగు ఫొటో, పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ, చిరునామా ఉన్న పేజీ, చెల్లుబాటులో ఉన్న వీసా పేజీ. అన్నింటి మీదా అతని సంతకం. అతను రాత్రి పనయ్యాక ఫోనుతో తీసి పంపాడు. ఒకటి మసకగా ఉంటే మళ్లీ తీయించాం. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే వేశాడు. ఈసారి ప్రతి గడీ అతనితో చదివించి, అర్థం చెప్పించుకుని, తర్వాతే నింపమన్నాను.

అభ్యంతరం ఊహించని చోటు నుంచి వచ్చింది. పాస్‌పోర్టు పదేళ్ల గడువు ముగిసి అక్కడే కొత్తది తీసుకున్నా, చిరునామా పాతదే దిగింది. అందులో ‘కరీంనగర్ జిల్లా’ అని ఉంది. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాలను విభజించినప్పుడు వాళ్ల ఊరు కొత్త జిల్లాలోకి వెళ్లింది. చిరునామా తమ పరిధిలోకి రాదని ఆఫీసులో అన్నారు. పాస్‌పోర్టు మార్పించాలా అని అతను కంగారుపడ్డాడు. వద్దన్నాను. దానికి నెలలు పట్టవచ్చు, పైగా అవసరం లేదు. చట్టం అడిగేది ఆ చిరునామా ఏ నియోజకవర్గంలో ఉందని, ఏ జిల్లాలో ఉందని కాదు. జిల్లాలు మారినా నియోజకవర్గాల హద్దులు మారలేదు. జిల్లాల విభజన ఉత్తర్వులో ఆ మండలం పేరున్న పేజీ, అదే చిరునామాతో అతని పేరున్న పాత ఓటరు జాబితా పేజీ జతచేసి ఒక పేజీ వినతి రాశాం. చదివిన అధికారి ఒప్పుకున్నారు. ఉత్తర తెలంగాణ వలస కార్మికుల్లో చాలామంది పాస్‌పోర్టుల్లో ఇదే చిక్కు ఉంటుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇంటి విచారణకు వచ్చిన రోజున తమ్ముడు నకళ్లు చూసి, తన అన్నవేనని వాంగ్మూలం ఇచ్చాడు. వాంగ్మూలం ఇవ్వడానికి బంధువులు లేకపోతే కాగితాలు ఆ దేశంలోని మన రాయబార కార్యాలయానికి వెళ్తాయి, ఆలస్యమవుతుంది. అందుకే విచారణ తేదీ ముందే కనుక్కుని తమ్ముడిని ఇంట్లో ఉండమన్నాను. అభ్యంతరాలకు ఇచ్చే ఏడు రోజులు గడిచాయి. ఫిబ్రవరిలో ఊరి జాబితాలో, ఆఖరి పేజీలో, ప్రవాస ఓటర్ల శీర్షిక కింద అతని పేరు వచ్చింది. ఆ బూత్‌లో ఆ శీర్షిక కింద ఉన్నది ఆ ఒక్క పేరే.

రావడం అనే రెండో సమస్య

2024 మార్చి 16న లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు ప్రకటించారు. తెలంగాణలో పోలింగ్ మే 13న. రమ్మని నేను చెప్పలేదు. అది నేను చెప్పగలిగిన మాట కాదు. పొడిగింపు మీద ఉన్నవాడు దేశం దాటినప్పుడు పెద్దాయనకు ఏమైనా అయితే తిరిగి వెళ్లే దారి మూసుకుపోవచ్చని అతని భయం. ఒక ఓటు కోసం ఇంటిల్లిపాదికి అన్నం పెట్టే ఉద్యోగాన్ని పందెం పెట్టమని ఏ పౌరశాస్త్ర పాఠమూ అడగకూడదు.

అయితే అతను రెండేళ్లుగా ఇంటికి రాలేదు. ఎలాగూ రావలసిన సెలవు ఒకటి ఉంది. దాన్నే మే నెలకు జరపగలమా అన్నదే మేం ఆలోచించింది. మూడు పనులు వరుసగా జరగాలి: పెద్దాయన కుటుంబం ఒప్పుకోవాలి, నెల రోజులకు బదులు మనిషి దొరకాలి, ఇజ్రాయెల్‌లోకి తిరిగి ప్రవేశించడానికి ‘ఇంటర్ వీసా’ అనే అనుమతి చేతికి రావాలి. అనుమతి వచ్చేదాకా టికెట్ కొనవద్దన్నాను. అదే మేలు చేసింది. ఏప్రిల్ 13 రాత్రి ఇరాన్ దాడితో ఇజ్రాయెల్ విమానాలు అస్తవ్యస్తమయ్యాయి. ముందే కొని ఉంటే ఆ డబ్బు ఇరుక్కునేది. పోలింగ్‌కు కొద్ది రోజుల ముందు, రెండు విమానాలు మారి, హైదరాబాద్‌లో దిగాడు.

బూత్‌లో ఏమవుతుందో ఆ కుర్చీలో కూర్చున్నవాడిగా నాకు తెలుసు. ప్రవాస ఓటరును నా సర్వీసులో నేను ఒక్కసారీ చూడలేదు. అక్కడి సిబ్బంది కూడా చూసి ఉండరు. అందుకని ఒక కాగితం మీద మూడే విషయాలు రాసిచ్చాను: జాబితాలో భాగం సంఖ్య, చివరి పేజీలో క్రమసంఖ్య, గుర్తింపుగా అసలు పాస్‌పోర్టు చాలన్న నిబంధన. అనుకున్నట్టే మొదటి పోలింగ్ అధికారి ఇంటి నంబరు దగ్గర వెతికి పేరు లేదన్నారు. ఓటరు కార్డు అడిగారు. అతను గొడవ పడలేదు. “చివరి పేజీ చూడండి మేడమ్” అని కాగితం ముందు పెట్టాడు. ప్రిసైడింగ్ అధికారి వచ్చి పేజీ తిప్పారు, పాస్‌పోర్టు చూశారు, సిరా పెట్టించారు. అంతా కలిపి పది నిమిషాలు. పదేళ్ల తర్వాత అతను వేసిన మొదటి ఓటు అది.

నేర్చుకున్నవి

ఆ ఎన్నికల్లో దేశమంతటా నమోదైన ప్రవాస ఓటర్లు 1,19,374 మంది. వచ్చి ఓటు వేసినవాళ్లు 2,958 మంది. వారిలో 2,670 మంది కేరళవాళ్లు. విదేశాల్లో ఉన్న మనవాళ్ల సంఖ్య పక్కన నమోదే చాలా చిన్నది, ఓటు అందులో ఇంకా చిన్నది. అక్షరాస్యత లేకనో ఆసక్తి లేకనో ఇలా జరిగిందని నేను ఒప్పుకోను. విమానం ఎక్కి రమ్మనే నిబంధన కూలివాడికీ కోటీశ్వరుడికీ ఒకేలా వర్తిస్తుంది. టికెట్ కొనగలిగేది మాత్రం ఒక్కరే.

మన దేశానికి దూరం నుంచి ఓటు తీసుకోవడం చేతకాక కాదు. సైనికులకు, విదేశాల్లోని ప్రభుత్వోద్యోగులకు బ్యాలెట్‌ను ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపి, ముద్రించి నింపిన కాగితాన్ని తపాలాలో వెనక్కి తీసుకునే ఏర్పాటు 2016 నుంచి ఉంది. అంటే మన రాయబార కార్యాలయంలో కిటికీకి లోపల కూర్చున్న ఉద్యోగి అక్కడి నుంచే ఓటు వేయగలడు, బయట నిలబడ్డ సంరక్షకుడు వేయలేడు. ప్రతినిధి ద్వారా ఓటు వేయించే బిల్లు 2018 ఆగస్టులో లోక్‌సభ దాటింది. రాజ్యసభ దాటకుండానే ఆ సభ కాలం ముగిసి రద్దయింది. ప్రవాసులకూ ఎలక్ట్రానిక్ పద్ధతిని విస్తరించవచ్చని ఎన్నికల సంఘం 2020 నవంబరులో న్యాయశాఖకు రాసింది. ప్రతినిధి పద్ధతి మీద నాకు అనుమానం ఉంది. మన పల్లెల్లో ఎవరి ఓటు ఎవరు వేస్తారో చూసినవాడిని. తపాలా పద్ధతి మీద ఆ అనుమానం లేదు, న్యూజిలాండ్ సంచుల సంగతి తెలిసి కూడా. ఆలస్యమైన సంచిని వచ్చేసారికి సరిచేయవచ్చు. ఏర్పాటే లేకపోతే సరిచేయడానికీ ఏమీ ఉండదు.

మా కేంద్రంలో పద్ధతి మారింది. విదేశంలో ఉన్నవాడి పేరు మీద ఫారం 6 వేయం, కుటుంబం ఎంత వేడుకున్నా. పాస్‌పోర్టులో పాత జిల్లా పేరున్న వాళ్లకు విభజన ఉత్తర్వు పేజీ మొదటే జతచేస్తున్నాం. ఎన్నికల ఏడాది కోసం ఆగకుండా, మనిషి సెలవుపై ఊరికి వచ్చినప్పుడే కూర్చోబెట్టి ఫారం 6ఏ చదివిస్తున్నాం. సంతకం చేసిన నకళ్లు తీసుకోవడానికి అదే తేలిక సమయం. అతని పేరు జాబితాలో ఎక్కాక ఆ ఊరి నుంచి నలుగురు దరఖాస్తు చేశారు, నలుగురి పేర్లూ ఎక్కాయి. మే 13న వాళ్లెవరూ రాలేకపోయారు. ముగ్గురికి సెలవు దొరకలేదు, ఒకరి పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోయింది.

అతను జూన్‌లో తిరిగి వెళ్లాడు. పెద్దాయన ఉన్నారు, పని ఉంది. థాయ్ స్నేహితుడు కూడా మోషావ్‌కు తిరిగి వచ్చాడని చెప్పాడు. ఫైలు మేం మూసేయలేదు. లోపలి అట్ట మీద రెండు గుర్తులు రాసి పెట్టాం: అక్కడి చిరునామా మారితే ఓటరు నమోదు అధికారికి తెలపాలి. శాశ్వతంగా ఇంటికి వచ్చిన నెలలోనే ఫారం 6 వేయాలి, ఈసారి అందులోని ప్రతి మాటా నిజమై ఉంటుంది.